బండి నేల మీదికి దిగాకే ఆఖరి బిగింపు

మీ ఇంట్లో ఇంకా ఓ ప్రీమియర్ పద్మిని ఉందనుకోండి. నాన్నగారు కొన్నది, ఎంతమంది అడిగినా అమ్మబుద్ధి కానిది. బోరబండ నుంచి మోతీనగర్ వైపు వెళ్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ముందు చక్రాల నుంచి టక్కుమని చప్పుడు. బ్రేకు నొక్కితే బండి ఓ పక్కకి లాగుతోంది. టైరు ఒకవైపే అరిగిపోతోంది. షాకబ్జార్లు పోయాయనుకుని మార్పించేస్తాం, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. ఓసారి కింద టార్చి వేసి చూడండి. చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్‌ మొదట్లో, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బీటలు వారి పొడిగా రాలుతుంటే, మీ బండికి కావాల్సింది కొత్త బుష్‌లు.

పద్మినికి ముందు చక్రాల దగ్గర పైన ఓ ఆర్మ్, కింద ఓ ఆర్మ్, కాయిల్ స్ప్రింగు. వెనక కమాన్ కట్టలు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా ముంబైలో మొదలై, 1974లో పద్మిని పేరు పెట్టుకున్న బండి ఇది. లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధానిగా ఉండి బ్యాంకులో అప్పు చేసి కొనుక్కున్నదీ ఫియట్టే. ముంబైలో పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్లూ దీని సామాను బజార్లో ఆడుతూనే ఉండేది. 2023 అక్టోబరుతో ఆ టాక్సీలూ రోడ్డు దిగిపోయాయి. కాబట్టి రాణీగంజ్‌లో మంచి సెట్టు కనబడితే నాలుగు ఆర్మ్‌లకీ ఒకేసారి కొనిపెట్టుకోండి. అయితే డబ్బాలో ఊరికే ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. గోటితో నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. రాయిలా ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.

ఇక పని. ముందుగా గట్టిగా ఒక మాట చెబుతాను, దయచేసి వినండి: నొక్కుకుని ఉన్న కాయిల్ స్ప్రింగు ప్రాణాలు తీయగలదు. స్ప్రింగ్ కంప్రెసర్‌తో దాన్ని బిగించి పట్టుకోకుండా ఆర్మ్‌ బోల్టు ముట్టుకోవద్దు. ఒట్టి జాకీని నమ్మి బండి కింద దూరవద్దు, స్టాండ్లు పెట్టుకోండి.

పాత బుష్‌ రావడం ఒక్కోసారి కష్టం. తుప్పుతో గూట్లోనే కరుచుకుపోయి ఉంటుంది. మంట పెట్టి రబ్బరు కాల్చేసేవాళ్లున్నారు గానీ, ఆ పొగ మంచిది కాదు, నాకు ఆ పద్ధతి నచ్చదు. హాక్సా బ్లేడు లోపలికి పోనిచ్చి బుష్‌ బయటి ఇనుప గొట్టాన్ని ఒకచోట నిలువునా కోస్తే పట్టు సడలి బయటికి వస్తుంది. బ్లేడు ఆర్మ్‌ దాకా పోకుండా చూసుకోవాలి. గూడుని ఎమెరీ కాగితంతో నున్నగా రుద్ది, కొత్తదాన్ని సుత్తితో కొట్టకుండా వైస్‌లో పెట్టి నెమ్మదిగా నొక్కాలి. ఒక వైపు బుష్‌ అంచుకి సరిపోయే సాకెట్టు, రెండో వైపు బుష్‌ లోపలికి దూరేంత పెద్ద సాకెట్టు పెడితే చాలు. జారడానికి సబ్బునీళ్లు రాయండి. గ్రీజూ ఇంజిన్ ఆయిలూ రబ్బరుకి పనికిరావు, ఉబ్బిపోతుంది.

బోరబండ గల్లీలో ఓ ఉస్తాద్‌ పని చేస్తుంటే చూడాలని నేను కూర్చునేవాణ్ణి. ఓసారి బుష్‌లన్నీ ఎక్కించాక నట్లు చేత్తో తిప్పి వదిలేశాడు. "పూర్తిగా బిగించలేదేం భాయ్?" అన్నాను. "బండి గాల్లో ఉంది గద సార్, కింద వెట్టినంక" అన్నాడు. నాలుగు చక్రాల కిందా లావుపాటి చెక్కలు పెట్టి, జాకీ దించి, బానెట్టు మీద చేతులు ఆనించి బండిని రెండు మూడుసార్లు కిందికి ఊపి వదిలాడు. బరువంతా చక్రాల మీద కుదురుకున్నాక, ఆ చెక్కల ఎత్తులో కిందికి దూరి, పానాతో అప్పుడు బిగించాడు.

పనంతటికీ గుండెకాయ ఇదేనండీ. ఈ బుష్‌లో బోల్టు మీద గుండ్రంగా తిరిగేదేమీ ఉండదు. నట్టు బిగియగానే లోపలి గొట్టం కదలకుండా అక్కడే పట్టేసుకుంటుంది. ఆర్మ్‌ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మధ్యలో రబ్బరే మెలిపడి, మళ్లీ విప్పుకుంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, బండి నేల మీదికి దిగేసరికే రబ్బరు పిండిన తడిబట్టలా మెలి తిరిగి ఉంటుంది. నిలబెట్టిన బండిలోనూ ఆ మెలి పోదు. దాని మీద గుంతలు, స్పీడ్ బ్రేకర్లు. ఏళ్లు రావాల్సిన బుష్‌ నెలల్లో చీలిపోతుంది, బండి కూడా ఉండాల్సినదానికంటే కాస్త ఎత్తుగా నిలబడుతుంది. మనమేమో సామాను నకిలీదని దుకాణదారుణ్ణి తిట్టుకుంటాం.

పాలీయూరిథేన్ బుష్‌లు వేయించమని మీకు ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. అవి ఎక్కువకాలం వస్తాయి, మలుపుల్లో బండి బిగువుగా ఉంటుంది. వాటికి సిలికాన్ గ్రీజు కావాలి, కొన్నాళ్లకి కిర్రుమనడమూ ఉంది. రేసులకెళ్లే బండైతే సరే. అమ్మని కూర్చోబెట్టుకుని గుడికి వెళ్లే పద్మినికి నా ఓటు రబ్బరుకే. ఆ మెత్తదనం కోసమే కదా ఆ బండిని ఉంచుకున్నాం!

బుష్‌లు మారాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, ఆర్మ్‌ల స్థానం కొద్దిగానైనా మారి ఉంటుంది. కొన్ని రోజులు నడిపాక నట్ల బిగువు మరోసారి చూడండి, అదీ బండిని చక్రాల మీదే నిలబెట్టి.