సీధా ఫటా

తెలుగుల ‘చింపుడు’కు మంచి పేరు లేదు. చింపిరి జుట్టు, చినిగిన బతుకు, చింపి పోగులు పెట్టుడు. ఉర్దూల కూడా అంతే, ‘ఫాడ్నా’ అంటే ఏదో ఖరాబ్ అయిందనే లెక్క. మా ఇంట్ల మాత్రం అది పని చప్పుడు. మా అబ్బా దర్జీ. మా అమ్మీ గుద్డీలు కుట్టేది. గుద్డీ అంటే ఏందో కాదు, మీరు బొంత అంటరే, అదే. అబ్బా ఖైంచీతోని కత్తిరించేటోడు, అమ్మీ చేతులతోని చింపేది. ఇద్దరి హునర్ బట్ట మీదనే. కాని కల్వకుర్తిల అబ్బాను అందరు ‘మాస్టర్’ అన్నరు, అమ్మీని ‘మాస్టర్ భార్య’ అన్నరు.

ఆమె ఎట్ల చింపేదో చెప్త. ఆరు గజాల నూలు చీర తీసుకుందాం. గజానికి 3 అడుగులు, మొత్తం 18 అడుగులు. మూడు మడతలు వేస్తే ఒక్కో మడత 6 అడుగులు, ఒక మనిషి కాళ్లు చాపుకొని పండేంత. మడత పడ్డకాడ చీర అంచును పంటితో కొరికేది. అంచుల పోగులు చిక్కగుంటయి, గాటు పడితేగాని చేతికి లొంగవు. గాటు పడ్డంక రెండు చేతులతోని పట్టి ఒక్క గుంజు గుంజేది. చర్‌ర్‌ర్ మని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. టేపు లేదు, సుద్దముక్క లేదు, గీత లేదు. అయినా వెంట్రుకవాసి వంకర పోకపోయేది.

దీంట్ల జాదూ ఏం లేదు. బట్టంటే తానా-బానా, పడుగూ పేకా. సాదా నేతల పోగు ఒకదాని కింద, ఒకదాని మీద నడుస్తది. చీరను అడ్డంగ చింపితే పడుగు పోగులు ఒకదానెంక ఒకటి తెగుతయి. చినుగు మాత్రం ఒకే పేక పోగు పక్కపొంటి పోతది. నేసినాయన ఆ పోగును ఎట్ల పెట్టిండో చినుగు అట్లనే నడవాలె. ఖైంచీకి ఆ పాబందీ లేదు. చెయ్యి ఎటు పోతే అటు పోతది. పోగుకు అడ్డం పడి కోసిన ముక్క కుట్టినప్పుడు బాగనే కనిపిస్తది, ఉతికినంక ఒక పక్కకు గుంజుకపోతది. బొంతల పొర మీద పొర ఉంటది. పొరలన్నీ తలో దిక్కు గుంజితే పండుకున్నోళ్ల వీపు కింద గడ్డలే. అమ్మీ మాట ఒకటుండె: “ఖైంచీ హాత్ కీ సున్‌తీ, కప్డా తార్ కీ సున్‌తా.” ఖైంచీ చెయ్యి మాట వింటది, బట్ట పోగు మాట వింటది.

చింపితే బట్ట ఉమర్ కూడా తెలుస్తదనేది. గట్టిగ అరిచి చినిగితే ఇంకా జాన్ ఉన్నట్టు, అది పైపొరకు. చప్పుడు లేకుంట విడిపోతే అరిగిపోయినట్టు, అది లోపలికి. పారేసేది ఏదీ లేకుండె. చినిగిన కొసలకు నూలు పీచు లేస్తది, దాన్ని లోపలికి మడిచి కుట్టేది. అన్ని బట్టలకు ఇది నడవదు. బనియన్ సాగుతది గాని చినగది. జీన్స్ మొండికేస్తది. పాలిస్టర్ చీరైతే పోగులు జారి కొస ముడుచుకపోతది. ఆఖరి ఏండ్లల్ల పాలిస్టర్లే ఎక్కువొచ్చినయి. అప్పుడు మనసు రాక రాక ఖైంచీ అందుకునేది.

అబ్బాకు ఈ చింపుడు నచ్చకపోయేది. “దర్జీ ఇంట్ల బట్ట చింపుతరా? లోగాఁ క్యా బోలేంగే?” అనేటోడు. తర్వాత రెడీమేడ్ బట్టలొచ్చినయి. అబ్బా మిషన్ పండక్కీ పెండ్లికీ తప్ప తిరగకపోయేది. అమ్మీకి మాత్రం పని ఆగలేదు. పాలమూరు లేబర్ బొంబాయికి, హైదరాబాద్‌కు పోయే రోజులవి. కొడుకు పోతున్నడని ఒకామె తన రెండు చీరలు తెచ్చేది. పెనిమిటి పోయిండని ఇంకొకామె ఆయన ధోతులు తెచ్చి, “అక్కా, పిల్లగాండ్లకు కప్పుకోను కుట్టియ్యి” అనేది. కొందరు పైసలిచ్చేటోళ్లు, కొందరు జొన్నలు. మా ఫీజులు, ఇంట్ల బియ్యం ఆ చినుగుల నుంచే వచ్చినయి. అబ్బా ఆ సంగతి ఎన్నడూ నోరు తెరిచి అనలేదు.

చింపుకుంట చింపుకుంట అమ్మీ మాకు హజ్రత్ అస్మా బీబీ కిస్సా చెప్పేది. 622ల హిజ్రత్ సఫర్‌కు రొట్టెల సంచి సిద్ధమైంది, మూతి కట్టను తాడు దొరకలేదు. అబూబకర్ బిడ్డ అస్మా తన నడుంపట్టీని రెండుగ చింపి కట్టింది. ఆమెకు ‘జాతున్నితాఖైన్’, రెండు నడుంపట్టీల ఆమె అని పేరొచ్చింది. “చూసిన్రా, చింపినందుకు వచ్చిన పేరు” అని నవ్వేది అమ్మీ. సూఫీలు వేసుకునే ఖిర్ఖా అనే మాట కూడా చింపుడు అనే అర్థమున్న అరబీ మాట నుంచే పుట్టిందని నేను పెద్దయినంక చదివిన. అప్పటికి అమ్మీకి చెప్పే వీలు లేకుండె.

ఆమె పోయిన్నాడు కఫన్ తాను ఆంగన్‌ల విప్పిన్రు. ఆడోళ్ల కఫన్‌కు ఐదు బట్టలు: ఇజార్, ఖమీస్, ఓఢ్నీ, సీనాబంద్, లిఫాఫా. కుట్టు ఉండదు. గుస్ల్ ఇయ్యనొచ్చిన పెద్దామె కొలిచి, అంచుకు గాటు పెట్టి చింపింది. కట్టను పట్టీలు కూడా అదే బట్ట కొసల నుంచి తీసింది. పరదా అవతల అబ్బా మగోళ్లతోని కూసున్నడు. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడే. కొత్త బట్ట కదా, గట్టిగ అరిచింది. ఎక్కడా ఆగలేదు. అబ్బా తల వంచుకొని మెల్లగ అన్నడు: “సీధా ఫటా.”

నలభై ఏండ్లల్ల అమ్మీ పనికి ఆయన ఇచ్చిన దాద్ అదొక్కటే. వినాల్సిన మనిషికి వినపడలేదు.

చాలీస్వా అయినంక ఆమె చీరలు ముంగట పెట్టుకొని కూసున్నం. యాద్‌గార్‌గ ట్రంకుల దాచుదామన్నది మా ఆపా. “ట్రంకుల పెడితే పురుగులు తింటయి. గుద్డీ కుట్టుకోండ్రి, ముగ్గురికి మూడు” అన్నడు అబ్బా. ఒక నూలు చీర తీసి తనే మూడు మడతలు వేసిండు. పండ్లు లేవు కదా, గాటు మాత్రం ఖైంచీతోని పెట్టిండు. తర్వాత ఖైంచీ పక్కన పెట్టి, రెండు చేతులతోని గుంజిండు.