తలకిందుల కొండ

కొండెక్కాలంటే ముందు ఆయాసం, తర్వాత హాయిగా దిగడం... మనకు తెలిసిన లెక్క ఇదే. అమెరికాలోని ఆరిజోనాలో ఉన్న గ్రాండ్ కేన్యన్ దగ్గర మాత్రం ముందు దిగాలి, అలసిపోయాక ఎక్కాలి! అక్టోబరులో మావాడు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఆ తేడా మా మోకాళ్లకు బాగానే తెలిసొచ్చింది.

కొలరాడో నది కోతకు ఏర్పడిన ఈ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కిలోమీటరున్నర పైమాటే. దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. అందుకే అక్కడ పైన్ చెట్ల అడవి, తెల్లవారుజామున వణికించే చలి. స్వెట్టర్లు వేసుకుని బ్రైట్ ఏంజెల్ కాలిబాటలో దిగడం మొదలుపెట్టాం.

అంచున ఉన్న సున్నపురాయి వయసు దాదాపు 27 కోట్ల ఏళ్లు. ఒకప్పుడది సముద్రం అడుగు. మెలికలు తిరుగుతూ దిగేకొద్దీ రాళ్ల రంగు తెలుపు నుంచి ఎరుపుకు మారింది. పైన్ చెట్లు పోయి పొదలు, ఆపైన ముళ్ల జెముళ్లు వచ్చాయి. స్వెట్టర్లు సంచిలోకి వెళ్లాయి. ఒకే దారిలో అడవి నుంచి ఎడారిలోకి దిగుతున్నామన్నమాట! సామాను మోసే కంచరగాడిదలు ఎదురైతే గోడవైపు ఒదిగి నిలబడాలి. రెండోవైపు లోయే మరి.

‘ఇంత తేలికైన దారికా అన్ని హెచ్చరిక బోర్డులు!’ అన్నారు మావారు. మా గురి ఏడు కిలోమీటర్ల దూరంలోని హవసుపాయ్ గార్డెన్స్. ఎడారి మధ్యలో నీటి ఊట, పచ్చని చెట్లు ఉన్న చోటు. తరతరాలుగా అక్కడ పంటలు పండించుకున్న హవసుపాయ్ తెగవారిని పార్కు కోసం వెళ్లగొట్టారు. చివరి నివాసి 1928లో వెళ్లిపోయారట. ఆ చోటికి వాళ్ల పేరు పెట్టింది 2022లో!

మూడు మైళ్ల విశ్రాంతి గృహం దగ్గర మావాడు ఆగిపోయాడు. ‘అమ్మా, దిగడానికి పట్టినదానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుంది. ఇక చాలు’ అన్నాడు. పచ్చని చెట్లు కింద కనిపిస్తూనే ఉన్నాయి. మనసొప్పలేదు. అయినా వెనుదిరిగాం.

అక్కడి నుంచి అంచుకు 640 మీటర్ల ఎత్తు. అలిపిరి మెట్లు ఎక్కిన ధీమా మొదటి గంటలోనే కరిగిపోయింది. పది అడుగులకోసారి ఆగుతూ, ఉప్పు బిస్కెట్లు తింటూ, నీళ్లు తాగుతూ ఎక్కాం. పైకి చేరేసరికి పొద్దు వాలింది. మావారు హెచ్చరిక బోర్డు ముందు నిలబడి, ఈసారి పూర్తిగా చదివారు.

వెళ్లాలనుకునేవారికి వసంతం, శరదృతువు అనుకూలం. వేసవిలో లోయ అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నడవవద్దంటారు. ఒక్కరోజులో నది దాకా వెళ్లి రావాలనుకోవద్దు. దారిలో కుళాయిలు పనిచేస్తున్నాయో లేదో ముందే కనుక్కోండి. ఓపిక అయిపోయాక కాదు, ఉండగానే వెనక్కి తిరగండి.

నదిని చూడలేదన్న వెలితి ఉంది. ఆ రాత్రి ముగ్గురం కలిసి భోంచేస్తుంటే అది పెద్దగా గుర్తురాలేదు.