మా ముంగిటి గరిక

సనత్‌నగరమున మా యింటి ముంగిట 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పచ్చికపట్టు కలదు. పేరునకు పచ్చికయే గాని, నిరుటి వానకాలమునకు దానియందు గరికకంటె తుంగయు, తుంగకంటె వయ్యారిభామయు నధికమయ్యెను. వేపచెట్టు నీడను, చూరునీరు పడు చోటను నాచు దట్టముగ పట్టెను. ఒకనాటి యుదయమున పూలకై వెళ్లిన మా యత్తగారు ఆ నాచుపై కాలుజారి పడిరి. మణికట్టు విరిగి నెలన్నర కట్టుతో నుండిరి.

"ఇక నీ గడ్డి వలదు, సిమెంటు చేయింతము" అని మావా రనిరి. వారు ఉపాధ్యాయులు, వారి మాటకు హేతువుండును. కాని సిమెంటు వాకిట వాననీరు భూమిలోనికి దిగక వీథికి పరుగిడును. వేసవిలో బోరుబావి యెండినదని వగచుట మన వంతు. పడిన అత్తగారే గరిక పక్షము వహించి, "చవితి దూర్వలు అంగడిలో కొనుట నాకు రుచింపదు" అనిరి. మాకు ఒక వానకాలము గడువు దొరకెను.

కావ్యములు చదివిన మాకు దూర్వాంకురముల సొంపు తెలియును గాని, వానిని పెంచు విద్య తెలియదు. నాచు గీకి, తుంగ పీకి, అంగడి గరికవిత్తులు చల్లితిమి. మృగశిర వానకు ఆ సన్నని విత్తులు సగము కాలువపాలు, మిగిలినవి చీమలపాలు. పదిదినములలో తుంగ మరల తలయెత్తెను.

అప్పుడు తెలిసినది: నాచు గడ్డిని చంపదు, గడ్డి బ్రతుకలేని చోట చేరును. నీడ, త్రొక్కుడుకు గట్టిపడిన నేల, నిలువనీరు, ఈ మూడును దానిని పిలుచును. కావున వేప క్రిందికొమ్మలు కొట్టించితిమి, చూరునీటిని మల్లెపాదునకు మళ్లించితిమి. నేలను గునపముతో జానెడు లోతు త్రవ్వి ఇసుకయు, మాగిన పశువుల యెరువును కలిపితిమి.

తుంగకు పైన కనబడునది కొంచెము. క్రింద దుంపలు గొలుసుకట్టి యుండును. వైద్యులు వాడు తుంగముస్తలు ఇవియే. మొక్కను లాగిన దుంప నిలిచి మరల మొలచును. త్రవ్వగా బుట్టెడు దుంపలు వచ్చినవి. వయ్యారిభామ 1950 దశకమున పూనా ప్రాంతమున కనబడి దేశమెల్ల ప్రాకినది. దాని వలన చర్మమునకు దురదయు, కొందరికి ఉబ్బసమును కలుగును. పూవక మునుపే, చేతికి తొడుగుతో పెరుకవలెను.

ఈసారి విత్తులు మానితిమి. మావారే తమ పాఠశాల ఆటస్థలపు టంచునుండి గరికతీగలు తెచ్చిరి. మూడేసి కణుపు లుండునట్లు త్రుంచి, జానె డెడముగ నాటితిమి. కణుపు నేల నంటిన చోట వేరు దిగును. నెలదినములు ఎవ్వరిని త్రొక్కనీయలేదు. చెట్టు మొదట ఎండ తగులదు గనుక అచట గరికకై పట్టుపట్టక సరస్వతీ ఆకు నాటితిమి.

చవితినాటికి నేల సగమే కప్పబడెను. ఐనను అత్తగారు మానిన చేతితో దూర్వలు తామే కోసిరి. దీపావళికి ముంగిలి పచ్చనయ్యెను. సిమెంటు మాట మరల రాలేదు.

సోదరీమణులారా! మీ ముంగిట నాచు కనబడినచో గీకుటకు మునుపు, ఎండ యేల రాదో, నీ రేల నిలుచునో చూడుడు. నేల రోగము తీర్చిన గరిక తన పని తాను చేసికొనును.