బొడ్లో తాళంచెవుల గుత్తి

మా అత్తగారి బొడ్లో ఎప్పుడూ ఓ తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉండేది. కొట్టుగది, బీరువా, ఆఖరికి పంచదార డబ్బా ఉండే అలమర కూడా దాని కిందే. నాకు పంచదార కావాలన్నా, ఆడపడుచుకి పట్టుచీర కావాలన్నా, మరిదికి సైకిలు పంపు కావాలన్నా ఒకరి తరవాత ఒకరు ఆవిడ ముందు నుంచోవలసిందే. పంచదారకీ పంపుకీ ఏం సంబంధం అంటారా? ఏమీ లేదు. కానీ గుత్తి ఒక్కటే కదా!

ఇన్నేళ్ళకి ఆ గుత్తిని నాకు గుర్తు చేసింది మా కోడలు. అదీ కంప్యూటరు కబుర్లతో!

ఆ అమ్మాయి ఇంట్లో కూచునే లినక్స్ కెర్నెల్ మీద పని చేస్తుంది. మొన్న రాత్రి, "ఏవిటమ్మా అంత దీక్షగా చేస్తున్నావు?" అని అడిగాను.

"పెద్ద తాళాన్ని చిన్న తాళాలుగా విడగొడుతున్నాను అత్తయ్యా" అంది.

"కంప్యూటరుకి తాళాలేవిటే, చోద్యం!" అన్నాను.

ఓపిగ్గా చెప్పింది. కంప్యూటర్లో మనకి కనిపించే ప్రోగ్రాములన్నిటి వెనకా కెర్నెల్ ఉంటుందట. జ్ఞాపకం, డిస్కు, ప్రాసెసరు – ఎవరికెంత, ఎప్పుడు అన్నది అదే పంచుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఉన్నదీ లినక్స్ కెర్నెలే. ప్రాసెసర్లు రెండు, నాలుగు అయ్యేసరికి చిక్కొచ్చింది. పాలపద్దులో వంద ఉందనుకోండి. నేను వంద చూసి యాభై కలిపి నూటయాభై రాస్తాను. అదే క్షణంలో ఆమె కూడా వందే చూసి ఇరవై కలిపి నూట ఇరవై రాస్తుంది. ఉండాల్సింది నూట డెబ్భై. ఎవరు చివర రాస్తే వాళ్ళదే మిగులుతుంది! అందుకే ఒకరు రాస్తున్నంతసేపూ పద్దుకి తాళం.

1996లో వచ్చిన లినక్స్ 2.0, ఒకటికి మించిన ప్రాసెసర్లతో పనిచెయ్యడం నేర్చుకుంది. అప్పుడు మొత్తం కెర్నెల్‌కి ఒకే తాళం వేశారు. పేరు బిగ్ కెర్నెల్ లాక్. భద్రమే, కానీ ఒకళ్ళు లోపలికెళితే మిగతావాళ్ళంతా గుమ్మంలోనే.

"ఒక్క మేలుంది అత్తయ్యా. ఆ తాళం పట్టుకున్నవాళ్ళు నిద్రపోతే అదే వదిలిపోయేది" అంది.

"మా అత్తగారు నిద్రలో కూడా వదిలేది కాదే!" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

నవ్వానే గానీ, నాకు 1984 నాటి శ్రీరామనవమి గుర్తొచ్చింది. పిల్లాడికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. డబ్బు బీరువాలో. గుత్తి అత్తగారితోపాటు గుళ్ళో హరికథలో. పక్కింటావిడ చేబదులివ్వబట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. సంగతి తెలిసి ఆవిడా ఏడ్చింది. చెడ్డమనిషి కాదు. ఆవిడ హయాంలో ఇంట్లో చెంచా పోలేదు.

"మరి ఆ పెద్ద తాళం ఒక్కసారే తీసిపారెయ్యకపోయారా?" అన్నాను.

"అమ్మో! దేని అండతో ఏ పని నడుస్తోందో చూసుకోవాలిగా. ఒక్కో చోటే విడగొట్టుకుంటూ వచ్చారు. పూర్తిగా పోయింది 2011లో. పదిహేనేళ్ళు! తాళాలు ఎక్కువైతే ఇంకో తంటా. ఒకరి చేతిలోది ఒకరికి కావాలి, ఎవరూ వదలరు."

అది నాకు తెలుసు. మొన్న దీపావళికి నేను బూరెలమూకుడు పట్టుకుని చిల్లులగరిటె కోసం, ఆమె చిల్లులగరిటె పట్టుకుని మూకుడు కోసం ఎదురుచూశాం కాదూ! దానికి మందు, ఎవరైనా సరే ముందు మూకుడు, తరవాతే గరిటె తీసుకోవాలని వరస పెట్టుకోవడం. ఆ వరస ఎవరైనా తప్పితే, ప్రమాదం జరగకముందే హెచ్చరించే సాధనం 2006లోనే కెర్నెల్‌లోకి వచ్చిందట.

ఇంతా చెప్పి ఆమె పడుకుంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ పొద్దున్నే మనవడి ఫీజుకి ఆఖరి రోజు. ఇంటి ఖర్చుల ఖాతా నా పేరునే ఉంది, ఓటీపీ వచ్చేది నా ఫోనుకే. నేనేమో ఫోను నోరు నొక్కేసి భజనలో కూచున్నాను. ఆమె పని మానుకుని నన్ను వెతుక్కుంటూ గుడికొచ్చింది. పల్లెత్తు మాట అనలేదు. గుత్తి బొడ్లోంచి ఫోనులోకి మారింది, అంతే! ఆమె చెప్పింది కెర్నెల్ గురించో, నా గురించో, ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు బ్యాంకుకెళ్ళి ఫీజులకీ కరెంటు బిల్లుకీ ఆమె పేర విడిగా ఖాతా తెరిపించి వచ్చాను. మందుల డబ్బా తాళం తీసేశాను.

ఊరగాయల అలమర తాళంచెవి మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. అంతంత తెలివైనవాళ్ళకే పదిహేనేళ్ళు పట్టిందటగా, నాకూ కాస్త వ్యవధి ఇవ్వరూ?