కుట్టు విప్పుట కూడా విద్యయే

కుట్టుటను గురించి చెప్పేవారు లోకంలో పెక్కుమంది ఉన్నారు; విప్పుటను గురించి చెప్పేవారు అరుదు. దర్జీ దుకాణంలో కత్తెరకూ, టేపుకూ, ఇస్త్రీపెట్టెకూ ఉన్న గౌరవం కుట్టు విప్పే పనిముట్టుకు లేదు. అయితే కొలత తప్పిన రవికెను సరిచేయవలెనన్నా, అక్క తొడిగి విడిచిన కమీజును రంజానుకు ముందు చెల్లెలికి సరిపెట్టవలెనన్నా, ఎదిగిన పిల్లవాని లాగు మడత దింపవలెనన్నా, మొదటి పని విప్పుటయే. ఉర్దూలో కుట్టుటను ‘సీనా’ అనీ, విప్పుటను ‘ఉధేడ్నా’ అనీ అంటారు. ఎటూ తేలని ఆలోచనకు ఆ భాషలో ‘ఉధేడ్ బున్’ అని పేరు. అనగా విప్పుట, నేయుట.

మా ములుగు ప్రాంతపు ఇండ్లలో పాత చీరలనూ, ధోవతులనూ పొరలుగా పరచి బొంత కుట్టుకొనుట పెద్దల నాటి అలవాటు. దీనినే సంస్కృతంలో కంథ అన్నారు. మా ఇంటి దక్కనీలో గుదడీ అంటాము. బెంగాలువారి కాంథా, సింధువారి రిల్లీ, ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీల కవంది ఈ కుటుంబంలోనివే. పేర్లు వేరైనా, పాత గుడ్డను పారవేయ మనసొప్పని ఇల్లాలి చేయి అన్ని చోట్లా ఒక్కటే.

మా తల్లిగారు గతించిన పిమ్మట మాకు మిగిలిన వస్తువులలో ఆమె స్వహస్తాలతో కుట్టిన బొంత ఒకటి. పై పొర చివికి, పట్టుకొన్నచోటల్లా పిగులుతూ ఉండెను. లోపలి పొరలలో ఎక్కడో ఆమె నికాహ్ నాటి ఎర్రని ఓణీ ఉన్నదని మా అక్కయ్యకు జ్ఞాపకం. తన కుమార్తె పెండ్లి బొంతలో ఆ ఓణీని చేర్చవలెనని ఆమె కోరిక. పిల్ల తన అమ్మమ్మను చూడలేదు. ఆమె తాకిన గుడ్డనైనా కప్పుకొనవలెనని అక్కయ్య తలంపు.

బొంతను మా వీధిలోని వృద్ధ దర్జీ యొద్దకు తీసుకొనిపోయాము. ఆయన కుట్టు విప్పుటకు వాడునది సగానికి విరిచిన బ్లేడు. బొంతను వెలుతురుకు పట్టి చూచి, “బేటా, కొత్త గుడ్డ అయితే ఈ బ్లేడు చాలు. పాత గుడ్డ దీని మాట వినదు. రెండు కొమ్ముల పనిముట్టు తెచ్చుకో. తొందర లేనివాళ్లే విప్పాలె” అన్నాడు. ఆ మాట మాకు నచ్చినది.

ఆయన చెప్పినది సీమ్ రిప్పర్ అనునది. పిడి చివర ఉక్కు ముక్క రెండు కొమ్ములుగా చీలి ఉంటుంది. పొడవైన కొమ్ము మొన సూదివలె సన్నన. పొట్టి కొమ్ము చివర చిన్న గుండు. రెండింటి నడిమి వంపులోనే పదును ఉంటుంది. సన్నని మొన కుట్టు క్రింద దూరుతుంది. గుండు గుడ్డను పొడుచుకొనక జారుతుంది. నడుమ చిక్కిన దారము తెగుతుంది.

వరంగల్ చౌరస్తాలో కుట్టు సామగ్రి దుకాణాలు తిరిగి, పరీక్షించి మేము తెలుసుకొన్న సంగతులు ఇవి. మిషనుతో పాటు వచ్చే పొట్టి రిప్పరు ఒకటి రెండు కుట్లకు చాలును గాని, గంటల పనికి వ్రేళ్లు నొప్పి పుట్టును. పిడి లావుగా, బల్లపై దొర్లిపోకుండ పలకలుగా ఉండవలెను. ఉక్కు ముక్క పిడిలో కదలరాదు. కదిలినచో మొన అనుకొన్న చోటికి పోదు. మిషను కుట్టు బిగువైనది గనుక దానికి మిక్కిలి సన్నని మొన కావలెను. మూత తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యమైనది పదును. దారము తెగుటకు బలము వాడవలసి వచ్చినదంటే పదును పోయినట్లే. ఆ బలమే చేయి జార్చి గుడ్డను చీల్చును. లోపలి వంపును సానపట్టుట కష్టము గనుక మొద్దుబారినదానిని మార్చివేయుటే మేలు. కొనుటకు ముందు ఒక పీలిక మీద నాలుగు కుట్లు కోసి చూడవలెను.

వాడుటలోనూ ఒక పద్ధతి ఉన్నది. మిషను కుట్టులో పైన ఒక దారము, క్రింద ఒక దారము ఉండును. ఒక ప్రక్క మూడు నాలుగు కుట్లకు ఒకటి చొప్పున తెంచి, రెండవ ప్రక్క దారమును మెల్లగా లాగినచో అది ఊడి వచ్చును. గుండును కుట్టు వెంట జరుపుకొంటూ ఒక్క ఊపున చీల్చుకొనిపోవుట కూడా కలదు. గట్టి గుడ్డకు తప్ప అది పనికిరాదు. చేతికుట్టు బొంతకు మేము ప్రతి కుట్టునూ విడిగా తెంచి, త్రిప్పి, దారపు తునకలను వ్రేళ్లతో ఏరివేశాము.

అక్కయ్యా మేమూ పదునొకండు సాయంత్రాలు కూర్చున్నాము. మూడవ పొర క్రింద ఎర్రని ఓణీ కనబడినది. రంగు వెలిసినా గుడ్డ చెక్కు చెదరలేదు. దానిని దీపము ముందు పట్టగా అంచు వెంబడి వరుసగా సూది రంధ్రాలు కనిపించినవి. మెడ వంపు, రెండు చంకలు! ఆ ఓణీ బొంతలో చేరుటకు ముందు ఒక పసిబిడ్డ అంగీగా ఉండెను. ఆ అంగీ తన మొదటి ఈద్ నాటిదని అక్కయ్య ఆనవాలు పట్టినది. అమ్మ దానిని విప్పి, కత్తిరించిన ముక్కలను తిరిగి జతచేసి బొంతలో పరచినది. మా ఇంట అప్పుడు రిప్పరు లేదు. సూది, పిన్నీసు తప్ప మరొకటి లేదు. అయినను ఒక్క రంధ్రమూ చిరుగుగా మారలేదు.

అక్కయ్య చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఆ రంధ్రాల వరుసను ఇస్త్రీతో అణచవద్దని మాత్రం చెప్పినది. క్రొత్త బొంతలో ఆ ముక్క నడిమిన, పై పొరగా ఉన్నది. ఎన్నడైనా మేనకోడలి బిడ్డలు ఆ బొంతను విప్పవలసి వచ్చునని, మేము కుట్లు కొంచెము పొడవుగా, ముళ్లు వెలికి కనబడునట్లు వేయించినాము. రిప్పరును మూతతో సహా ఆ పెట్టెలోనే ఉంచినాము.