ఒడ్డు పక్కనే ఓడ!

మునిగిన ఓడను చూడాలంటే పడవెక్కి నడిసంద్రానికి వెళ్లాలా? ఇండోనేషియాలోని బాలి దీవిలో, తులంబెన్‌ దగ్గర ఆ అవసరం లేదు. నల్లటి గులకరాళ్ల ఒడ్డు నుంచి నడిచి నీళ్లలోకి దిగి, ఓ ముప్ఫై మీటర్లు ఈదితే చాలు.

అమెరికా సరకుల ఓడ ‘లిబర్టీ’ని 1942లో జపాన్‌ జలాంతర్గామి దెబ్బతీస్తే, ఇక్కడి ఒడ్డుకు చేర్చారు. 1963లో అగుంగ్‌ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది నీళ్లలోకి జారిపోయింది. ఇప్పుడది చేపల ఊరు. శనివారం దిగితే ఇసుకలోంచి గడ్డిపోచల్లా తలలెత్తే గార్డెన్‌ ఈల్స్‌ కనిపిస్తాయి. ఆదివారం తెల్లవారుజామున దిగితే, రాత్రంతా ఓడలో నిద్రపోయిన బుడిపె తల చిలుకచేపల గుంపు ఎదురుపడొచ్చు.

డైవర్ల గాలి సిలిండర్లను నెత్తిన మోసుకొచ్చేది ఊరి ఆడవాళ్లే. వాళ్ల కూలి డబ్బులూ ఈ ఓడ చలవే. అందుకే, చూడండి కానీ ముట్టుకోకండి. చేయి తగిలితే పగడాలు విరుగుతాయి. పగడాలు పోతే చేపలుండవు. చేపల్లేకపోతే ఆ ఊళ్లో కూలీ ఉండదు!