అత్తగారి మోకాలు



గడచిన కార్తికమాసమున మా యత్తగారు మావారి స్కూటరు వెనుక కూర్చుండి శివాలయమునుండి వచ్చుచుండగా, గేదె యొకటి యడ్డము వచ్చుటచే క్రిందబడిరి. చర్మము చిట్లలేదు, నెత్తురు రాలేదు. మోకాలు మాత్రము గడియలో గుమ్మడికాయవలె పొంగినది. “బెణికినదమ్మాయీ, కాపడము పెట్టుము” అనిరి.

పొరుగువారు పుత్తూరు కట్టు కట్టింపుమనిరి. ఆ కట్టన్న నాకు చులకన లేదు. మా పుట్టింట చేయి విఱిగిన బాలునకు దానితోనే నయమైనది. ఆటో పిలిపించితిని కూడ. ఇంతలో ఆమె పాదము తాకగా చల్లగానుండెను, వ్రేళ్ళు మొద్దుబారినవనిరి. నాకు గుండె జాఱి, ఆటోను ఆసుపత్రికి మరలించితిని.

ఎక్స్-రే, సీటీ తీసి, మోకాటి క్రింది పెద్దయెముక తల ముక్కలైనదనిరి. 1979లో షాట్జ్కర్ అను శస్త్రవైద్యుడు ఈ విఱుగుళ్ళను ఆఱు తెగలుగా విభజించెనట. మా యత్తగారిది ఆఱవది. అనగా పైభాగమంతయు క్రింది కాండమునుండి వేఱుపడినది. తొడయెముక వచ్చి యానుకొను చదునైన తలమే క్రుంగినది. తిరుగలి క్రిందిరాయి యొకప్రక్క దిగినచో పైరాయి యెట్లు తిరుగును? లోపల క్రుంగిన ముక్కను వెలుపలి కట్టు పైకెత్తజాలదు.

రక్తనాళము తెగలేదని తేల్చిరి గాని, వాపు కండరములపొరలలో ఒత్తిడి పెంచినచో కొలది గంటలలోనే కండరము చచ్చునని, గంటగంటకు వ్రేళ్ళు లాగి నొప్పి పరీక్షించిరి. ఆ కాలిపై వెదురుబద్దలు బిగించియుందుమేని యేమయ్యెడిదో! నేటికిని ఆ తలంపు వచ్చినప్పుడు నాకు నిద్రపట్టదు.

ఆ రాత్రియే తొడకును కాలికిని కడ్డీలు దిగగొట్టి, వెలుపలినుండి చట్రము బిగించిరి. పిదప పండ్రెండు దినములు ఊరక యుంచిరి. ధనము గుంజుటకే యీ జాగని మా బంధువులనిరి. నేనును లోలోపల అట్లే యనుకొంటిని. వైద్యుని అడిగితిని. ఉబ్బిన చర్మమును కోసినచో గాయము మూతపడదనియు, చీము లోహమువఱకు ప్రాకుననియు, చర్మముపై ముడుతలు కనబడినగాని కత్తి పెట్టననియు చెప్పెను. నాటినుండి ఉదయమున లేవగానే ముడుతలకొఱకు వెదకుటయే నా పని.

పదమూడవనాడు రెండుప్రక్కల కోసి, క్రుంగిన తలమును పైకెత్తి, అడుగు ఖాళీలో కటియెముకనుండి తీసిన యెముకపొడి నింపి, రెండు లోహపుబద్దలు మరలతో బిగించిరి. మోకాలు వెంటనే వంచుచుండవలెను. పాదము మాత్రము పండ్రెండు వారములు నేల మోపరాదు.

అసలు కష్టమిదియే. ఏడవవారమున తెల్లవారుజామున చప్పుడైనది. లేచి చూతునుగదా, దీపము పెట్టుటకై గోడ పట్టుకొని, ఆ కాలిపైనే నిలిచియున్నారు. కాపురమునకు వచ్చిన పదునాలుగేండ్లలో ఎన్నడును ఎదురాడనిదానను, కేకలు వేసితిని. ఆమె కన్నీరు పెట్టుకొని, “నీచేత బెడ్‌పాను ఎత్తించుకొని బ్రతుకుటకంటె పడుటయే మేలు” అనిరి. నేనును ఏడ్చితిని. మఱునాటి ఎక్స్-రేలో మరలు కదలలేదు.

ఇప్పుడు చేతికఱ్ఱతో నడచుచున్నారు. మోకాలు సమకోణమునకు కొంచెము మించి వంగును. నేలపై కూర్చుండుట మాత్రము లేదు. మావారు వడ్రంగిచే ఎత్తుపీట చేయించిరి. నిన్న దానిపై కూర్చుండి, నేను ఈనెలు తీసిన చిక్కుడుకాయలను, సరిగా తీయలేదని మరల తీసినారు.